ఆర్మీ డాక్టర్లని ఉద్దానం పంపండి

ఎడిటర్ గారూ,

కిడ్నీ జబ్బులు ఎక్కువున్న మా ఉద్దానంలో, కవిటి దగ్గర ఊర్లో ఆర్మీ మెడికల్ కోర్‌లో చేసి రిటైరయిన డాక్టరు గారొకాయన క్లినిక్ పెట్టారు, అందరం మేజరు గారనే అంటాం. ఒళ్ళునొప్పులని ఎవరెళ్ళినా ముందు బీపీ చూసి, కిడ్నీలెలా పనిచేస్తున్నాయో తెలిపే క్రియాటినిన్ రక్తం టెస్ట్ చేయించుకు రమ్మంటారు, నొప్పి మాత్రలు ఊరికే రాయరు, కిడ్నీలు పాడైపోతాయని కసురుతారు కూడా (ఆ కసురుడికే కొందరు సూదిమందేసే ఆర్‌ఎంపీ దగ్గరికి పోతారు, అది వేరే కథ). పలాసలో 2023లో పెద్ద కిడ్నీ హాస్పిటల్ వచ్చింది, మంచిదే, కానీ డయాలసిస్ దాకా పోకముందే పట్టుకోవాలంటే ఊర్లోనే డాక్టరుండాలి కదండీ. షార్ట్ సర్వీస్ కమిషన్‌లో, అంటే కొన్నేళ్ళ సర్వీసుకే చేరి, చిన్న వయసులోనే బయటికొచ్చే ఆర్మీ డాక్టర్లుంటారు, క్వార్టర్స్ ఇచ్చయినా సరే వాళ్ళని మా పీహెచ్‌సీల్లోకి గవర్నమెంట్ తీసుకోవాలి.

- ఒక పాఠకుడు, కవిటి మండలం, శ్రీకాకుళం జిల్లా