చిట్టికి, పార్సిల్‌తో పాటు

20 మార్చి 2025, గురువారం రాత్రి

చిట్టీ,

ఉత్తరం రాయడమేమిటి, అమ్మకి ఏమైంది అనుకుంటావేమో. సున్నుండలు ఎలాగూ కొరియర్లో పంపుతున్నాను కదా, డబ్బాలో ఓ కాగితం పెడితే బరువేం పెరగదు అనిపించింది. పైగా వాట్సాప్‌లో నేను పెట్టినవాటికి నీలి టిక్కులు పడుతున్నాయి గాని జవాబు రావడం లేదు. టిక్కులు పడ్డాయంటే పిల్ల క్షేమంగా ఉన్నట్టే అని మీ నాన్న అంటారు. పదమూడు రోజులైంది నీ గొంతు విని. లెక్కపెట్టుకుంటూ కూర్చోలేదులే, క్యాలెండర్లో పాల లెక్క చూస్తుంటే కనబడింది.

ఇక్కడ అంతా మామూలే. మామ్మ షుగర్ మాత్ర వేసుకుని, వేసుకోలేదనుకుని ఇంకోటి మింగేస్తోంది, అందుకని డబ్బీ నేనే దాచి ఇస్తున్నాను, దానికి రోజూ అలక. సగ్గుబియ్యం వడియాలు పెట్టాను, సగం కాకులకే సరిపోయాయి. కిట్టు గాడి ఇంటర్ పరీక్షలు ఇవాళ్టితో అయిపోయాయి. బైపీసీ తీసుకోనని మొండికేసినందుకు ఇంట్లో వాడొక్కడే తెలివైనవాడని నాన్న వేళాకోళం చేస్తే, నేను నవ్వలేదు.

నిన్న పద్మ పిన్ని ఫోన్ చేసింది. పెళ్ళిచూపుల సంగతులు గంటసేపు చెప్పి, చివర్లో పెట్టేస్తానంటూనే అసలు విషయం తీసింది. వాసుతో చదివిన అమ్మాయి ఎవరో మీ దగ్గర పీడియాట్రిక్స్‌లో ఉందట కదా, సర్జరీలో ఫస్టియర్ అమ్మాయి ఒకతి ప్రిన్సిపాల్ ఆఫీసుకి వెళ్ళి, సీటు వదిలేస్తే బాండ్ డబ్బు ఎంత కట్టాలని అడిగి వచ్చిందని ఆ అమ్మాయి చెప్పిందట. పేరు చెప్పలేదట. ఫస్టియర్‌లో అమ్మాయిలం ఇద్దరమే అని నువ్వే అన్నావు. ఆ రెండో అమ్మాయి అయ్యుంటుందిలే అని పద్మతో గట్టిగానే చెప్పాను.

సరే, అది వదిలేయ్. పార్సిల్లో మోకాళ్ళ దాకా వచ్చే టైట్ సాక్స్ రెండు జతలు పెట్టాను. పొద్దున మంచం దిగకముందే వేసుకో, కాళ్ళు వాచాక వేసుకుంటే లాభం లేదు. ముప్పై రెండేళ్ళు వార్డుల్లో నిలబడితే నా పిక్కల మీద నరాలు వానపాముల్లా ఎలా ఉబ్బాయో చూశావుగా. ఓటీలో కోతని తెరిచి ఉంచే రిట్రాక్టర్ పట్టుకుని నాలుగేసి గంటలు కదలకుండా నిలబడే పని ఫస్టియర్‌దే కదా. హిమోగ్లోబిన్ ఎప్పుడు చూపించుకున్నావు? పదో క్లాసు నుంచీ నీకది పది దాటదు. హెపటైటిస్ బి మూడో డోసు వేయించుకున్నావో లేదో రాయి. సూది గుచ్చుకుంటే భయపడి దాచకు, సబ్బుతో కడిగి వెంటనే చెప్పు, హెచ్ఐవీ మందు రెండు గంటల్లోపు పడితే మంచిది, 72 గంటలు దాటితే ఇక పనిచేయదు. డాక్టరుకి నర్సు పాఠాలు చెబుతోంది అని నవ్వుకో, చెప్పకపోతే నాకు అన్నం సయించదు.

పద్మ చెప్పిన దాని గురించి నేనేం అడగడం లేదు, గమనించు.

నిరుడు జూన్ 22 రాత్రి గుర్తుందా? పీజీ సీటు పరీక్ష నీట్ పీజీ కోసం లాడ్జిలో దిగాం. నువ్వు హాల్‌టికెట్ తలగడ కింద పెట్టుకుని తొమ్మిదిన్నరకే పడుకున్నావు. పదింటికి నాన్న ఫోన్లో చూశారు, పొద్దున జరగాల్సిన పరీక్ష వాయిదా అని. నిన్ను లేపాలా వద్దా అని మేమిద్దరం బాత్రూంలో దూరి గుసగుసలాడుకున్నాం. లేపి చెబితే, ‘ఓహో’ అని అటు తిరిగి పడుకున్నావు. ఏడవలేదు, ఎవర్నీ తిట్టలేదు. మీ నాన్న ‘ఎంత ధైర్యమో చూడు’ అని మురిసిపోయారు గాని నాకు మాత్రం కాళ్ళు చల్లబడ్డాయి. ఆగస్టు 11న రెండు షిఫ్టుల్లో పెట్టి, రెండింటి మార్కులూ సమానం చేసే నార్మలైజేషన్ అన్నప్పుడూ అంతే, ర్యాంకు చూసుకున్నప్పుడూ అంతే. నీకు బాధ కలిగితే ముందు నోరు మూతపడుతుంది. రెండో క్లాసులో చెవినొప్పి వస్తే జ్వరం 103కి ఎక్కేదాకా చెప్పలేదు. అందుకే నీ పదమూడు రోజులూ కిట్టు పదమూడు రోజులూ నాకు ఒకటి కావు.

నీకెప్పుడూ చెప్పని సంగతి ఒకటి రాస్తాను. నాన్నకి తెలుసు, ఆ రోజు ఇంటికొచ్చి ఏడ్చాను కాబట్టి. 1996లో, నువ్వు పుట్టడానికి మూడేళ్ళ ముందు. ఆడవాళ్ళ సర్జికల్ వార్డులో నాకు నైట్ డ్యూటీ. మా యూనిట్లో ఫస్టియర్ పీజీ ఒకబ్బాయి ఉండేవాడు, పేరు రాయను. వాళ్ళింట్లో అతనే మొదటి డాక్టరు, తండ్రి మగ్గం నేసేవాడు, ఉన్నవి మూడు చొక్కాలు, మూడూ ఆయన నేసిన బట్టే. అడ్మిషన్ డే (కొత్త కేసులన్నీ మా యూనిట్ చేర్చుకునే రోజు) వచ్చిందంటే పొద్దున ఎనిమిదికి ఎక్కిన మనిషి, మర్నాడు ఓపీ, ఆపరేషన్లు అన్నీ అయ్యాక రాత్రి ఎనిమిదికి గాని దిగేవాడు కాదు. ముప్పై ఆరు గంటలు. అది చాలదన్నట్టు సీనియర్ల కేస్‌షీట్లు కూడా అతనే రాయాలి, వాళ్ళకి టిఫిన్ తేవాలి, రౌండ్స్‌లో పేషెంట్ల ముందే చీఫ్ ‘నీకు సీటెవడిచ్చాడయ్యా’ అంటే నేల చూడాలి.

ఆ రాత్రి మూడున్నరకి ఒకావిడకి రక్తం ఎక్కించాలి. వార్డులో ఇద్దరు లక్ష్మమ్మలు, పదకొండో బెడ్డు, పదిహేడో బెడ్డు. అతను ప్యాకెట్ పట్టుకుని పదకొండు దగ్గర నిలబడ్డాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. నేను ప్యాకెట్ మీద ఇంటిపేరు చదివాను, కేస్‌షీట్ మీద చదివాను, మళ్ళీ ప్యాకెట్ మీద చదివాను. ‘డాక్టరుగారూ, ఇది పదిహేడుది’ అన్నాను. ‘అవును సిస్టర్’ అన్నాడు, ఎవరో టైమెంత అని అడిగితే చెప్పినట్టు. పదిహేడుకే ఎక్కించాం, ఎవరికీ ఏమీ కాలేదు. పావుగంట తర్వాత దుప్పట్ల కోసం లినెన్ గదిలోకి వెళితే, బీరువా పక్కన కింద కూర్చుని, మోకాళ్ళు రెండు చేతులతో పట్టుకుని ఆపుకోలేకుండా వణుకుతున్నాడు.

ఆరింటికి కిటికీలోంచి చూస్తే ట్రంకుపెట్టెతో గేటు దగ్గర ఉన్నాడు. డ్యూటీలో ఉండగా వార్డు వదిలితే మెమో ఇస్తారు. ఆయమ్మని కూర్చోబెట్టి వెళ్ళాను. తీరా వెళ్ళాక ఏం మాట్లాడాలో తెలియలేదు, అతనికి నాకూ ఆరేడేళ్ళ కంటే తేడా లేదు. ‘బస్సు ఎన్నింటికండీ’ అన్నాను. ఏడింటికన్నాడు. ‘సాయంత్రం నాలుగింటికి ఇంకోటుంది, పడుకుని వెళ్ళండి’ అన్నాను. నేను చెప్పిన హితబోధ అంతే. చీఫ్ దగ్గరికి వెళ్ళి, ఫస్టియర్‌కి 104 జ్వరం, మలేరియాలా ఉంది సార్ అని చెప్పాను. సర్వీసు మొత్తంలో నేనాడిన పెద్ద అబద్ధం అదే. అతను పద్నాలుగు గంటలు నిద్రపోయాడు, నాలుగింటి బస్సు కూడా పోయింది.

ఆ తర్వాత గొప్ప సర్జన్ అయ్యాడని రాస్తాననుకుంటున్నావు. అవ్వలేదు. ఇంకో ఆరు వారాలు చేశాడు, సెలవు పెట్టి ఊరెళ్ళి వాళ్ళ నాన్నతో మాట్లాడాడు, తిరిగొచ్చి కాగితం రాసిచ్చి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఎంట్రన్స్ రాసి పెథాలజీ తీసుకున్నాడు. మామ్మ గడ్డ బయాప్సీ చదివింది ఎవరనుకున్నావు? ఆ ఆదివారం ల్యాబ్ తెరిపించి మరీ చదివాడు. పెట్టెతో గేటు దగ్గర నిలబడ్డ రోజు వదిలినా, ఆరు వారాలకి వదిలినా, పోయేది అదే సీటే. నాకు మాత్రం ఆ రెండూ ఒకటిగా కనబడవు.

అప్పటికే, 1992లోనే, రెసిడెంట్ డాక్టర్లకి వారానికి 48 గంటలు, ఏకబిగిన 12 గంటలకి మించి డ్యూటీ వేయకూడదని కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది, చూడు. దాని ప్రతి మా ఆఫీసులో ఏ బీరువాలో నిద్రపోయిందో. ఇప్పుడు ఎన్‌ఎంసీ (జాతీయ వైద్య కమిషన్) 2023 పీజీ నిబంధనల్లో ఏడాదికి 20 రోజుల క్యాజువల్ లీవు, వీలుని బట్టి వారానికో రోజు సెలవు, సబబైన పని గంటలు అని రాసుంది. సబబు అంటే ఎన్నో రాయలేదు, అక్కడే వచ్చింది చిక్కు. 2024లో ఎన్‌ఎంసీ టాస్క్‌ఫోర్స్ వారానికి 74 గంటలు దాటొద్దని సిఫారసు చేసింది. నీకు ఎన్నవుతున్నాయి? నవంబరు ఆఖర్లో చేరావు, ఇంతవరకు ఎన్ని లీవులు వాడావు? సున్నా అని నాకు తెలుసు. అడిగితే సీనియర్లు ముఖం మాడ్చుకుంటారు, మాడ్చుకోనీ. లాగ్‌బుక్ రోజుకారోజు రాసుకుంటున్నావా, నెలాఖరుకి కట్టగట్టి రాస్తున్నావా?

లెక్చర్ ఇవ్వకూడదనుకున్నాను. ఇక మొదలైపోయింది కాబట్టి పూర్తిచేస్తాను. ఎవరైనా (ఆ రెండో అమ్మాయే అనుకో) సీటు వదలాలనుకుంటే ముందు తెలుసుకోవాల్సినవి ఉన్నాయి. బాండ్‌లో సంతకం పెట్టిన కాగితం మొత్తం చదవాలి. సీటు వదిలే బాండ్ తీసేయమని 2024లో ఎన్‌ఎంసీ రాష్ట్రాలకి చెప్పింది గాని, చెప్పడం వేరు, మన కాలేజీ గుమస్తా ఒప్పుకోవడం వేరు. ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ళ దగ్గరే ఉన్నాయి. ఈసారి నీట్ పీజీ జూన్ 15న అని ప్రకటించారు, మళ్ళీ రెండు షిఫ్టులేనట. వదిలినవాళ్ళని ఎప్పుడు రాయనిస్తారో, కౌన్సెలింగ్‌కి ఎప్పుడు రానిస్తారో బులెటిన్‌లో చూడాలి, టెలిగ్రామ్ గ్రూపులో ఎవరో అన్నారని కాదు. సర్జరీ వద్దంటే డాక్టరీ వద్దని కాదు కదా, అనస్థీషియా ఉంది, పెథాలజీ ఉంది, ఎండీ, ఎమ్మెస్‌లకి సమానమైన డీఎన్‌బీ ఉంది. పీహెచ్‌సీలో మెడికల్ ఆఫీసరుగా చేరి కొన్నేళ్ళు చేస్తే, సర్కారు డాక్టర్లకి పీజీ సీట్లిచ్చే ఇన్‌సర్వీస్ కోటా ఉంది, నా కళ్ళ ముందే అలా వెళ్ళి ప్రొఫెసర్లు అయినవాళ్ళున్నారు. విదేశీ డాక్టర్లకి అక్కడ పెట్టే ప్లాబ్ పరీక్ష రాసి ఇంగ్లండ్ పోతామంటారు కొందరు, రెండో భాగానికి మాంచెస్టర్ దాకా వెళ్ళి రాసొచ్చినా అది రిజిస్ట్రేషనే, ఉద్యోగం వేరే వెతుక్కోవాలి. ఉండిపోతే ఎమ్మెస్ మూడేళ్ళు, సీనియర్ రెసిడెన్సీ ఏడాది, ఆపైన సూపర్ స్పెషాలిటీ ఎంసీహెచ్ అంటే మరో మూడు. మధ్యలో జిల్లా ఆసుపత్రిలో మూడు నెలల జిల్లా రెసిడెన్సీ (డీఆర్‌పీ) వస్తుంది, ఆ మూడు నెలలూ నీ చేతులతో నువ్వు కేసులు చేస్తావు, నా లెక్కలో పీజీ మొత్తంలో బాగుండేది అదే. సెకండియర్‌కి వచ్చేసరికి చేతిలోకి కత్తి వస్తుంది, మనిషి కాస్త తేలికపడుతుంది, అది కూడా చూశాను. కానీ అందరూ తేలికపడలేదు, అదీ చూశాను.

ఎల్లాప్రగడ సుబ్బారావుగారి గురించి రాయమని మీ నాన్న పక్కన నిలబడి చెబుతున్నారు. ఖద్దరు కట్టినందుకు సర్జరీ ప్రొఫెసరుకి కోపమొచ్చి ఎంబీబీఎస్ బదులు అంతకన్నా తక్కువదైన ఎల్‌ఎంఎస్‌తో సరిపెట్టారని, అయినా ఆయన ఎంత గొప్ప శాస్త్రవేత్త అయ్యాడో చూడమని. ఏడో క్లాసు నుంచీ వింటోంది, నేను రాయను అన్నాను.

ఇంకోటి, ఇది నాన్న లోపలికి వెళ్ళాక రాస్తున్నాను. వెబ్ ఆప్షన్లు పెట్టిన రాత్రి నువ్వు అనస్థీషియా పైన పెట్టావు. నేనే సర్జరీని పైకి జరిపించాను. ముప్పై రెండేళ్ళు నేను ఆర్టరీ ఫోర్సెప్స్ అందిస్తే అందుకున్న చేతులన్నీ పరాయి పిల్లలవే, ఒక్కసారైనా మా పిల్ల అందుకుంటే చూడాలనిపించింది. నీకేం కావాలని ఆ రాత్రి అడగలేదు. నువ్వూ చెప్పలేదు, ‘సరే అమ్మా’ అని మౌస్ నొక్కేశావు. ఆ ‘సరే’ కూడా లాడ్జిలో అన్న ‘ఓహో’ లాంటిదేనని ఇప్పుడు అనిపిస్తోంది.

ఉగాది ఆదివారం, 30న. నీ అడ్మిషన్ డే కాకపోతే శనివారం రాత్రి బస్సెక్కు. వచ్చి ఏమీ మాట్లాడనక్కర్లేదు. నీ గది దులిపించి ఫ్యాన్ బాగుచేయించాను, పద్మని ఆ రెండు రోజులు ఇటు రానివ్వను. రాలేకపోతే నేనే వస్తాను, హాస్టల్లో తల్లుల్ని ఉండనిస్తారో లేదో కనుక్కో. మీ నాన్న నిన్న రాత్రి బీరువాలోంచి ఎల్‌ఐసీ బాండ్లు తీసి బల్ల మీద పేర్చి కళ్ళజోడు పెట్టుకుని కూర్చున్నారు. ఎందుకని నేనడగలేదు, ఆయన చెప్పలేదు.

ఫోన్ చేయాలనిపిస్తే రాత్రి రెండింటికైనా చెయ్యి. రిటైరై నాలుగేళ్ళయినా నాకు ఆ టైముకి మెలకువ వస్తూనే ఉంది, ఊరికే లేచి మామ్మ దోమతెర సర్దుతుంటాను. సున్నుండల్లో నెయ్యి ఎక్కువే వేశాను, డ్యూటీకి వెళ్ళేముందు ఒకటి జేబులో వేసుకుని వెళ్ళు. ఆ రెండో అమ్మాయికి కూడా నాలుగు ఇవ్వు. డబ్బా మూత మాత్రం పోగొట్టకు, అది అమ్మమ్మది.

అమ్మ