వినుకొండలో దించేస్తారా?

సంపాదకులు గారికి,

పోయిన వారం మీ జిల్లా ఎడిషన్ మొదటి పేజీలో 'ఇరవై నిమిషాల్లో విజయవాడ' అని ఇంతింత అక్షరాలతో వేశారు. కర్నూలు నుంచి విమాన దూరం 160 కిలోమీటర్లట, గంటకు 500 కిలోమీటర్ల వేగంతో పోతే ఇరవై నిమిషాలు చాలట. మరుసటి రోజన్నా సవరణ వస్తుందేమోనని చూశాను. రాలేదు.

ఆ 160 ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించడం కష్టమేమీ కాదు. విమానాల వాళ్లు దూరాన్ని నాటికల్ మైళ్లలో చెబుతారు. ఒక్కో మైలు 1.852 కిలోమీటర్లు. మా కర్నూలు విమానాశ్రయం ఉన్న ఓర్వకల్లు నుంచి విజయవాడ విమానాశ్రయం ఉన్న గన్నవరానికి సూటిగా కొలిస్తే సుమారు 160 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 296 కిలోమీటర్లు. ప్రెస్ నోట్ రాసిన అధికారి అంకె మార్చకుండానే మైళ్లను కిలోమీటర్లు చేశారు, మీ డెస్కువాళ్లు దాన్ని ఉన్నదున్నట్టు అచ్చేశారు. మీ లెక్కన 160 కిలోమీటర్లకే ఆపాలంటే విమానం వినుకొండ కూడా చేరకుండానే మమ్మల్ని కిందికి దించేయాలి. నంద్యాల, గిద్దలూరు మీదుగా రాత్రి బస్సులో నడుం విరగ్గొట్టుకున్న వాళ్లెవరిని అడిగినా విజయవాడ ఎంత దూరమో చెప్పేవాళ్లు.

ఇక సమయం. ఓర్వకల్లుకు వచ్చేవి పెద్ద జెట్లు కావు, పంకాలు తిరిగే ఏటీఆర్ అనే చిన్న విమానాలు. పైకెక్కేటప్పుడు, దిగేటప్పుడు వాటికి 500 వేగం ఎక్కడిది? పైగా టైంటేబుల్‌లో వేసేది విమానం ఇక్కడ కదిలినప్పటి నుంచి అక్కడ ఆగి నిలబడేదాకా పట్టే సమయం. అది గంటకు అటూఇటూ ఉంటుంది. కౌంటర్ గంట ముందే మూసేస్తారు కాబట్టి ఇంకా ముందే పోయి కూర్చోవాలి. మా ఊళ్లోని నంద్యాల చెక్‌పోస్ట్ నుంచి ఓర్వకల్లుకు ఆటోవాడు అడిగే రేటు, గన్నవరంలో దిగాక ఊళ్లోకి పోయే ట్రాఫిక్, ఇవన్నీ ఎవరి ఇరవై నిమిషాల్లోకి వస్తాయండీ?

విమానం వద్దని కాదు. 2021 మార్చిలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరుతో విమానాశ్రయం మొదలైతే సంబరపడ్డవాళ్లలో నేనూ ఉన్నాను. కానీ విజయవాడ సర్వీసు కోసం 2025 జులై దాకా ఎదురుచూశాం. అదీ వారంలో మూడు రోజులతో మొదలైంది. సెక్రటేరియట్‌లో పని మంగళవారం పడితే ఏం చేయాలో కూడా ఆ ప్రెస్ నోట్‌లోనే రాయాల్సింది. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయిన ఊరు ఇది, మూడేళ్లకే అదీ పోయింది. ఇప్పుడు రాజధానిని కాగితం మీద దగ్గరికి జరిపి మమ్మల్ని సంతోషపెట్టాలని చూస్తున్నట్టున్నారు. రోడ్ల గుంతలు కూడా ఇలాగే ప్రెస్ నోట్‌లలో ఎప్పుడో పూడిపోయాయి.

నా అసలు బాధ వేరే. గ్రూప్స్‌కు చదివే పిల్లలు మీ పత్రిక కత్తిరించి నోట్సులో అంటించుకుంటారు. ఎక్కాలు వచ్చినవాళ్లు ఒక్కరైనా డెస్కులో ఉంటే ఈ 160 ఆగేది. సవరణ వేయండి. లోపలి పేజీలో పెళ్లి సంబంధాల పక్కన కాదు, అదే మొదటి పేజీలో, అదే సైజు అక్షరాలతో.

– ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు, కర్నూలు