ఆదివారం కలుద్దాం, అందాకా గొడవలు వద్దు

ఫ్రెండ్స్, ఒక్క నిమిషం చదవండి.

నిన్న రాత్రి మన వాట్సాప్ గ్రూప్‌లో రాజకీయ పార్టీల గొడవ దేవుళ్ళ దాకా పోయింది. ఒంటిగంట వరకూ మెసేజ్‌లే. మనవాడొకడు వాళ్ళమ్మకి ఓ-నెగెటివ్ రక్తం కావాలని పెట్టిన మెసేజ్ ఆ వరదలో ఎవరికీ కనపడలేదు. పొద్దున చూసి ప్రాణం ఉసూరుమంది. (వేరేచోట దొరికింది, ఇప్పుడు బాగున్నారు.) ఇద్దరు గ్రూప్ వదిలేశారు, వాళ్ళతో నేను మాట్లాడతాను.

ఇక్కడ రాజకీయం, మతం ఆపుదాం. రెండు బాణాల గుర్తున్న (చాలాసార్లు చేతులు మారిన) ఫార్వర్డ్‌లు అసలు పెట్టకండి.

ఆదివారం సాయంత్రం 5కి నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర, బారాషహీద్ దర్గా పక్కన కలుద్దాం. రొట్టెల పండక్కి అందరం కలిసి చదువు బాగా రావాలని చదువు రొట్టె పట్టుకున్న చోటే. వాదనలుంటే అక్కడ ఎదురెదురుగా కూర్చుని చేసుకుందాం.

వచ్చేవాళ్ళు శనివారం రాత్రిలోపు పేరు, బ్లడ్ గ్రూప్ రాయండి. లిస్ట్ పైన పిన్ చేస్తాను.