మంట ఎక్కువని చెబితే ‘మంట తక్కువ’ అని రాసుకున్న కస్టమర్ కేర్ వారికి

నెల్లూరు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: నాలుగు బర్నర్ల గ్యాస్ హాబ్ (వంటగట్టు రాయిలో దించి బిగించే పొయ్యి) ఫిర్యాదును బాగుచేయకుండానే ‘పరిష్కరించబడింది’ అని మూసేయడం గురించి.

అయ్యా,

హాబ్ చెడిపోయిందని ఈ ఉత్తరం రాయడం లేదు. వస్తువన్నాక ఎక్కడో ఒక లోపం ఉంటుంది, వచ్చి సరిచేస్తే అయిపోతుంది. నేను చెప్పింది మీ దగ్గర ఒక్కరంటే ఒక్కరు కూడా చెవిన వేసుకోలేదు, అందుకు రాస్తున్నాను.

మీ టోల్ ఫ్రీ నంబరులో ఒకటి నొక్కి, నాలుగు నొక్కి, పాట మొత్తం విన్నాక ఒక అమ్మాయి పలికింది. ఆమెకు చెప్పింది ఇది: పెద్ద బర్నర్ మంట పసుపు రంగులో లేచి గిన్నె అంచు దాటుతోంది. అడుగులు మసి కొడుతున్నాయి. సిమ్‌కి తిప్పినా మంట తగ్గాల్సినంత తగ్గడం లేదు, చేపల పులుసు అడుగంటుతోంది. ఈమధ్య వెలిగించి నాబ్ వదిలితే ఆరిపోతోంది కూడా. ఆమె మర్యాదగా విని, మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం సార్ అంది. కాసేపటికి ఫోనుకు మెసేజ్ వచ్చింది: ‘మీ ఫిర్యాదు నమోదైంది. సమస్య: మంట తక్కువ.’

ఏంది సామీ ఇది? ఇల్లు కాలుతోందని ఫైరింజనుకు ఫోన్ చేస్తే దుప్పటి పంపినట్టుంది.

సరే, తప్పు రాసుకున్నారని మళ్ళీ చేశాను. ఈసారి పలికిన అబ్బాయి ముందు ఏం రాసుందో అదే చదివి, ‘మంట తక్కువైతే రెగ్యులేటర్ మార్చండి సార్, పెద్దది దొరుకుతుంది’ అన్నాడు. ఆ మాటకు నాకు నిజంగా భయమేసింది. ఇళ్ళకిచ్చే 14.2 కిలోల సిలిండర్ రెగ్యులేటర్ దాదాపు 30 మిల్లీబార్ల ఒత్తిడికి సీలు చేసి వస్తుంది, దాన్ని తిప్పి పెంచేందుకు ఏమీ ఉండదు. అతను చెప్పిన ‘పెద్దది’ హోటళ్ళలో భట్టీలకు పెట్టే స్క్రూ రెగ్యులేటర్. దాన్ని ఇంటి హాబ్‌కి తగిలిస్తే మంట మనిషి మొహందాకా లేస్తుంది, లోపలి వాల్వు సీళ్ళు ఆ ఒత్తిడికి తట్టుకోవు. నా స్థానంలో ఏమీ తెలియని ముసలామె ఉంటే అదే కొనుక్కునేది. మీ కాల్స్ అన్నీ రికార్డు అవుతాయి కదా, తీసి వినండి.

అసలు జరిగిందేమిటో నేనే రాస్తాను, మీవాళ్ళెవరికీ పట్టలేదు గనక. బర్నర్ మూతలు తీసి టార్చ్ వేసి చూస్తే అడుగున గ్యాస్ చిమ్మే ఇత్తడి జెట్ మీద ఒక అంకె చెక్కి ఉంటుంది. అది రంధ్రం కొలత, మిల్లీమీటరులో నూరో వంతుల్లో. ఎల్‌పీజీకైతే చిన్న బర్నర్‌లో సాధారణంగా 50 దగ్గరి అంకె ఉండాలి. మీరు పంపిన దాంట్లో 72 ఉంది. అది పైపు గ్యాస్ జెట్. పైపు గ్యాస్ 21 మిల్లీబార్ల దగ్గర వస్తుంది, దానికి వేడి కూడా తక్కువ, అందుకని రంధ్రం పెద్దగా పెడతారు. అంతే పరిమాణంలో ఎల్‌పీజీ దానికి రెండున్నర రెట్ల వేడినిస్తుంది. ఆ పెద్ద రంధ్రంలోంచి ఎల్‌పీజీ పోతే గ్యాస్ ఎక్కువ, గాలి తక్కువ. మంట పసుపవుతుంది, మసి కడుతుంది, కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. అది విషవాయువు, వాసన ఉండదు. నవంబరులో తుపాను గాలికి కిటికీలన్నీ బిగించుకుని వండే ఊరు మాది.

సిమ్ సంగతీ ఇందులోదే. నాబ్ పైకి లాగితే ఇరుసు పక్కన చిన్న ఇత్తడి స్క్రూ ఉంటుంది. పైపు గ్యాస్‌కి దాన్ని కాస్త వదులుగా ఉంచుతారు, ఎల్‌పీజీకి చివరిదాకా బిగిస్తారు. నాబ్ వదిలితే ఆరిపోవడం కూడా ఇందులోదే, మంట ఆరితే గ్యాస్ ఆపే థర్మోకపుల్ (మీవాళ్ళు టీసీ అంటారు) మొన మీద మసి పేరుకుని వేడి తగలడం లేదు. మూడు జబ్బులకూ మూలం ఒకటే. హాబ్ కింద ప్లేటు మీద మాత్రం ‘ఎల్‌పీజీ’ అనీ, ఐఎస్ఐ గుర్తూ శుభ్రంగా అచ్చేశారు.

ఇదంతా టెక్నీషియన్‌కి చెప్పే అవకాశం వచ్చింది. పొద్దున వస్తానని చెప్పిన మనిషి ఒకటికి రెండు రోజులు ఎదురుచూపులు పెట్టించి చీకటి పడే వేళకు వచ్చాడు. చేతిలో ఒక స్క్రూడ్రైవర్, ఒక వైరు బ్రష్. జెట్ విప్పే బాక్స్ స్పానర్ లేదు. గ్యాస్ పొయ్యి పనికి వచ్చేవాడు అది లేకుండా రావడమేంది? జెట్ మీద అంకె చూడు నాయనా అంటే, గోడకు కొట్టిన కేలండర్ పిన్ను పీకి రంధ్రంలో పొడవబోయాడు. నేను చెయ్యి పట్టుకున్నాను. ఇత్తడి మెత్తన, పిన్నుతో పొడిస్తే రంధ్రం ఇంకా పెద్దదవుతుంది, అంచు చెదిరి మంట పక్కకు పోతుంది. తర్వాత గ్యాస్‌లో గాలి కలిపే షట్టర్ మొత్తం తెరిచాడు. పసుపు కాస్త తగ్గింది, పోలేదు. జెట్టే తప్పైనప్పుడు షట్టర్ ఎంత తెరిచినా చాలదు.

ఇక అతని ఆఖరి వైద్యం వినండి: ‘టీసీ తీసేసి డైరెక్టు చేసేస్తా సార్, ఆరిపోయే గొడవుండదు, అందరికీ అట్టాగే చేస్తున్నాం.’ థర్మోకపుల్ మొన మంటలో వేడెక్కితే కొన్ని మిల్లీవోల్టులు పుడతాయి. వాటితోనే నాబ్ లోపలి అయస్కాంతం గ్యాస్ దారిని తెరిచి పట్టుకుంటుంది. పాలు పొంగి మంట ఆరిందనుకోండి, మొన చల్లారి నిమిషంలోపే దారి మూసుకుంటుంది. దాన్ని తీసేస్తే ఆరిన బర్నర్‌లోంచి గ్యాస్ వస్తూనే ఉంటుంది. ఎల్‌పీజీ గాలికంటే బరువు, పైకి పోదు. గట్టు కింద సిలిండర్ అరలో, ఫ్రిజ్ వెనక నేలమీద నిలుస్తుంది. ఫ్రిజ్ రిలే టక్కుమని నిప్పురవ్వ రాలితే చాలు, అంటుకుంటుంది. ఈ ఒక్క భద్రత ఉందని చెప్పే మీరు ఆ ధరకు హాబ్ అమ్మారు. ‘అందరికీ’ అన్నాడే, ఆ అందరూ ఎవరో కనుక్కుని ముందు వాళ్ళ ఇళ్ళకు మనుషుల్ని పంపండి. నా హాబ్ తర్వాత చూద్దురుగాని.

వద్దన్నాను. పోతూ పోతూ, ‘హ్యాపీ కోడ్ చెప్పండి సార్, విజిట్ క్లోజ్ చేసుకోవాలి’ అన్నాడు. హ్యాపీ ఎవరయ్యా ఇక్కడ? కోడ్ ఇవ్వలేదు. అయినా రాత్రికి మెసేజ్ వచ్చింది, పరిష్కరించబడింది, మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు అని.

వాట్సాప్‌లో రాస్తే మీ యంత్రం బర్నర్‌ని నిమ్మకాయతో తోముకునే వీడియో పంపింది. జెట్ ఫోటో, అంకె కనబడేలా తీసి మెయిల్ పెడితే, ‘గ్రానైట్ కటింగ్ కొలత ప్రకారం లేనందున వారంటీ వర్తించదు’ అని జవాబు. చీమకుర్తి గ్యాలక్సీ పలక మీద గాడి కోసింది మీరు డబ్బాలో పెట్టిన కాగితం కొలతతోనే. ఆ కాగితం ఇప్పటికీ ఉంది. అయినా గ్రానైట్ గాడికీ జెట్ రంధ్రానికీ సంబంధమేంది? ట్రంకురోడ్డులో అమ్మిన షాపాయన ‘కంపెనీతో మాట్లాడుకోండి సార్’ అని కాఫీ ఇప్పించాడు. మీ అందరిలో ఆయనే నయం. మధ్యలో ఇంకో అమ్మాయి ఫోన్ చేసి ఏడాది సర్వీస్ కాంట్రాక్టు తీసుకోమంది, డిస్కౌంటు కూడా ఉందంట.

హాబ్ వాడటం ఆపేశాం. అటక మీదున్న పాత రెండు బర్నర్ల పొయ్యి దించి వండుకుంటున్నాం. అది కూడా మీ కంపెనీదే. నీలి మంట, మసి లేదు, సిమ్ అంటే సిమ్. అది చూసే కదా మళ్ళీ మీ దగ్గరికి వచ్చింది, మా వీధిలో ఇద్దరి చేత కొనిపించింది. ఇప్పుడు వాళ్ళు ఎదురుపడితే ఏం చెప్పాలో తోచడం లేదు.

మీరు చేయాల్సింది పెద్ద పనేం కాదు. నాలుగు బర్నర్లకూ ఎల్‌పీజీ జెట్లు, సరైన స్పానరుతో వచ్చే మనిషి, సిమ్ స్క్రూలు బిగింపు, టీసీ మొనలు సన్న ఎమరీ కాగితంతో శుభ్రం, తర్వాత రెగ్యులేటర్ ఆన్‌లో ఉంచి ప్రతి జాయింటుకూ నా కళ్ళ ముందు సబ్బునీళ్ళ పరీక్ష. అగ్గిపుల్లతో చూస్తానంటే గేటు దగ్గర్నుంచే పంపించేస్తాను. ఏం మార్చారో సంతకంతో కాగితం ఇవ్వాలి. ఇదే పెట్టెల్లో వచ్చిన మిగతా హాబ్‌లలో ఏ జెట్లున్నాయో కూడా చూసి లిఖితపూర్వకంగా చెప్పండి.

లేదంటే ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి, తర్వాత నెల్లూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళతాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద నేను ఉండే ఊళ్ళోనే వేయొచ్చు, వకీలు అక్కర్లేదు, 5 లక్షల లోపు కొన్న వస్తువుకి రుసుమూ లేదు. ఐఎస్ఐ గుర్తు వేసి లోపల వేరే జెట్లు పెట్టిన సంగతి ఆ గుర్తు ఇచ్చే బీఐఎస్ వాళ్ళకు ఫోటోలతో సహా పంపుతాను. టీసీ డైరెక్టు చేసే మీ వాడుక గురించి అక్కడే అడుగుతారు, అప్పుడు చెప్పుకోండి.

జెట్ ఫోటోలు, బిల్లు, మీ మెసేజ్‌లు, కటింగ్ కొలతల కాగితం నకలు జతచేశాను. ఈసారి వచ్చే జవాబు కింద మనిషి పేరు ఉండాలి.

ఇట్లు,
మీ పాత కస్టమరు,
గ్యాస్ ఏజెన్సీలో మెకానిక్‌గా పనిచేసి రిటైరైనవాడు

తా.క. ‘సమస్య: మంట తక్కువ’ అన్న మాట మీ రికార్డులో ఇంకా అట్నే ఉంది. ముందు అది దిద్దండి.