తెలంగాణ రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) చైర్‌పర్సన్ గారికి ఒక అద్దెదారు లేఖ

అయ్యా, నమస్కారం.

కిందటి నెల మా ఆవిడా నేనూ కొల్లూరు వైపు ఫ్లాట్ చూడ్డానికి వెళ్లాం. అక్కడ ఫ్లాట్ లేదు. రేకుల షెడ్డు, అందులో ఏసీ, గాజుపెట్టెలో థర్మకోల్ టవర్లు, చల్లటి బాదంపాలు. "ప్రీలాంచ్ రేటు సార్, మొత్తం ఒకేసారి కడితే సగం ధరకే" అన్నాడు కుర్రాడు. రెరా రిజిస్ట్రేషన్ నంబరు అడిగితే "ప్రాసెస్‌లో ఉంది" అంటూ ఇంకో గ్లాసు పోశాడు.

500 చదరపు మీటర్ల స్థలం, 8 ఫ్లాట్లు దాటిన ప్రాజెక్టుకు రిజిస్ట్రేషన్ లేకుండా ప్రకటన కూడా ఇవ్వకూడదని 2016 రెరా చట్టం చెబుతోంది. అమ్మకం ఒప్పందం రిజిస్టర్ కాకుండా ధరలో 10 శాతం మించి తీసుకోకూడదు. ఇవి మీకు చెప్పడం హనుమంతుడి ముందు కుప్పిగంతులే. కానీ ఆ షెడ్డులో చెక్కుబుక్కులతో కూర్చున్నవాళ్లలో ఎందరికి తెలుసు?

మా బావమరిది మూడేళ్ల కిందట ఇలాగే ఊళ్లో రెండెకరాలు అమ్మి మరోచోట ఫ్లాటుకు డబ్బు కట్టాడు. ఇప్పుడు అతని దగ్గరున్నది ఒక రసీదు, అడ్మిన్ జవాబివ్వని వాట్సాప్ గ్రూపు. సైటులో తుమ్మచెట్లు మాత్రం బాగా ఎదిగాయి.

ఫిర్యాదు వచ్చేదాకా ఆగకుండా సుమోటోగా వివరాలు అడిగే అధికారం ఆ చట్టంలోని 35వ సెక్షన్ మీకిచ్చింది. ఒక్క ఆదివారం మీ సిబ్బందిని ఇద్దరిని మామూలు కొనుగోలుదారుల్లా ఆ షెడ్లకు పంపండి. బాదంపాలు తాగి, నంబరు అడిగి రమ్మనండి.

ఇట్లు,
ఇంకా ఇల్లు వెతుకుతున్న ఒక హైదరాబాదీ