పేరు తేలని గడ్డకు వైద్యం ఎలా చేస్తారు మంత్రిగారూ?

తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రిగారికి నమస్కారం.

అండాశయంలో గడ్డ అంటే అన్నీ ఒకటి కాదు. అరుదైన రకాలకు మందులు వేరు, ఫాలోఅప్ వేరు, కొన్నిటికి ఆపరేషన్‌తోనే సరిపోతుంది, కీమో అక్కర్లేదు. ఏది ఏదో తేల్చేది ల్యాబే. 2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ పరిమితిని 10 లక్షలకు పెంచారు, సంతోషం. మరి జబ్బు పేరు తేల్చే పరీక్షకు ఇల్లు గడవనివాళ్లు అప్పు చేయాల్సిందేనా?

మా పిన్నికి నెలసరి ఆగిపోయాక మళ్లీ బ్లీడింగ్ మొదలైంది. స్కాన్‌లో గడ్డ కనిపించింది కానీ క్యాన్సర్ అనుమానానికి చూసే సీఏ-125 రక్త పరీక్ష నార్మల్ అని, టెన్షన్ పడొద్దన్నారు (పిన్నికి వచ్చిన రకం గడ్డల్లో అది నార్మల్‌గానే ఉండొచ్చని తర్వాత తెలిసింది). ఆపరేషన్ అయ్యాక బయాప్సీ రిపోర్టు చివర ఒక్క లైను: సెక్స్ కార్డ్ స్ట్రోమల్ ట్యూమర్ (అండాశయంలో వచ్చే ఒక అరుదైన రకం గడ్డ) అనుమానం, ఐహెచ్‌సీ (కణాల్లోని ప్రొటీన్లకు రంగు పట్టించి గడ్డ రకం తేల్చే పరీక్ష) చేయించండి. అది అక్కడ చేయరు. జిప్ కవర్లో గడ్డ ముక్కలు బిగించిన మైనపు బ్లాకులు పెట్టి మా చేతికిచ్చారు, అగ్గిపెట్టె కంటే చిన్నవి, అంచున పెన్సిల్‌తో నంబరు. బయట ల్యాబులో చూస్తే గడ్డ మధ్యలోంచి తీసిన ముక్కకు ఫార్మలిన్ (కణజాలం చెడిపోకుండా ఉంచే ద్రవం) అందనే లేదు, కణజాలం పాడైపోయి రంగు సరిగ్గా పట్టలేదు. పెద్ద గడ్డను పొరలుగా కోసి, దానికి దాదాపు పది రెట్లు 10 శాతం ఫార్మలిన్ పోసి ఉంచాలట. దీనికి కోట్లు కావాలా అండీ? పెద్ద డబ్బా, చెప్పి చేయించే మనిషి ఉంటే చాలు.

మిగతా బ్లాకుల్లో ఇన్హిబిన్, కాల్‌రెటినిన్ అనే మార్కర్లు (గడ్డ రకాన్ని పట్టిచ్చే ప్రొటీన్లు) పాజిటివ్ వచ్చి, ఆ అరుదైన రకాల్లోనే ఒకటైన అడల్ట్ గ్రాన్యులోసా సెల్ ట్యూమర్ అని తేలింది. మార్కర్‌కి ఇంత అని డబ్బు మేమే కట్టాం. అప్పటికీ అనుమానం ఉంటే ఫాక్స్‌ఎల్2 జన్యు పరీక్ష ఉంది, ఈ రకం గడ్డల్లో దాదాపు అన్నిట్లో ఒకటే మార్పు ఉంటుందని 2009లోనే బయటపడింది. ఇది 20 ఏళ్ల తర్వాత కూడా తిరగబెట్టొచ్చు కాబట్టి ఇన్హిబిన్-బి రక్త పరీక్ష ఏళ్ల తరబడి చేయిస్తూనే ఉండాలి, కూలికెళ్లే మనిషి ఆ ఖర్చు ఎన్నాళ్లని భరిస్తుంది?

ఆడపిల్లల సంగతి ఇంకా తొందరగా చూడాల్సింది. పదిహేనేళ్ల పిల్లకు అండాశయంలో గట్టి గడ్డ కనిపిస్తే ఆపరేషన్‌కి ముందే ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ, ఎల్‌డీహెచ్ రక్త పరీక్షలు చూడాలి. ఈ వయసులో వచ్చే యోక్ శాక్ ట్యూమర్, డిస్‌జెర్మినోమా లాంటి క్యాన్సర్ గడ్డలు కీమోకి బాగా లొంగుతాయి, చాలామందిలో రెండో అండాశయాన్ని, గర్భసంచిని కాపాడొచ్చు. తెలియక అన్నీ తీసేస్తే ఆ పిల్లకు తిరిగి ఎవరిస్తారు?

జిల్లాల్లో తెలంగాణ డయాగ్నస్టిక్స్ కేంద్రాలు ఉన్నాయి కదా, ఈ మూడు రక్త పరీక్షలు అనుమానం ఉన్న ప్రతి పిల్లకూ ఆపరేషన్ లోపే అందేలా చూడండి. ఐహెచ్‌సీ, జన్యు పరీక్షల ఖర్చును చికిత్స ప్యాకేజీలోనే కలపండి. బ్లాకులు పట్టుకుని రోగి బంధువులు బస్సుల్లో తిరగకుండా ఆసుపత్రే హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే లాంటి పెద్ద క్యాన్సర్ కేంద్రానికి పంపి, రెండో అభిప్రాయం తెప్పించేలా ఆర్డర్ వేయండి. పరిశీలిస్తాం అని మాత్రం అనకండి, ఏ నెల నుంచో చెప్పండి.

ఇట్లు,
నల్గొండ జిల్లా నుంచి ఒక రోగి అక్క కూతురు