మంత్రి గారూ, మా పిన్ నంబర్ మేమే కొట్టుకునేలా చూడండి

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

డిజిటల్ సేవలు మీ శాఖ కిందకే వస్తాయి కాబట్టి ఈ లెటర్ మీకే రాస్తున్నా. నాకు చూపు దాదాపు లేదు, వెలుతురు ఎటు ఉందో తెలుస్తుంది అంతే. ఫోన్ వాడతా, మెయిల్స్ రాస్తా, ఇది కూడా స్క్రీన్ మీద ఉన్నది పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో నేనే టైప్ చేశా. జాలి కోసమో పెన్షన్ కోసమో రాయట్లేదండి. నా డబ్బు, నా పాస్‌వర్డ్ తెలియని మనిషి చేతిలో పెట్టాల్సిన పరిస్థితి రోజురోజుకీ పెరిగిపోతోంది, దాని గురించి రాస్తున్నా.

కార్డ్ మెషీన్ సంగతే తీసుకోండి. బటన్స్ ఉన్న మెషీన్‌లో 5 అంకె మీద చిన్న చుక్క ఉబ్బెత్తుగా ఉంటుంది, వేలు దాని మీద ఆనిస్తే పైన 2, కింద 8, అటూ ఇటూ 4, 6 అని అన్నీ తెలిసిపోతాయి, చకచకా పిన్ కొట్టేస్తాం, ఎవర్నీ అడిగే పనే లేదు. ఇప్పుడు చాలాచోట్ల ఆ మెషీన్ తీసేసి మొత్తం టచ్ స్క్రీన్‌ది పెడుతున్నారు, కొన్నిట్లో అయితే సెక్యూరిటీ కోసమని అంకెల ప్లేసులు కూడా ప్రతిసారీ మారిపోతుంటాయి. వేలికి ఏమీ తగలదు. వెనక లైన్‌లో జనం ఉంటారు, కౌంటర్ దగ్గర ఉన్నాయన మంచి మనసుతోనే "పిన్ చెప్పండి, నేను కొట్టేస్తా" అంటాడు, అప్పుడిక అందరూ వింటుండగా ఆ నాలుగంకెలు పైకి చెప్పాలి, లేదంటే కొన్నవన్నీ అక్కడే వదిలేసి వచ్చెయ్యాలి. ఎంత అమౌంట్ కొట్టాడో కూడా ఆయన చెప్పిందే నమ్మాలి. పిన్ ఎవరికీ చెప్పొద్దని మెసేజ్‌ల మీద మెసేజ్‌లు వస్తాయి, రేపు డబ్బు పోతే "మీరే చెప్పారు కదా" అంటారు. చెప్పక తప్పని మెషీన్ పెట్టింది ఎవరండీ?

టెక్నాలజీ లేదంటే నేను ఒప్పుకోను. మాట్లాడే ఏటీఎం 1997లోనే కెనడాలోని ఒటావాలో వచ్చింది, ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే స్క్రీన్ మీద ఉన్నది మన చెవిలో మాత్రమే చదువుతుంది. 2009లో ఐఫోన్‌లో వాయిస్‌ఓవర్ వచ్చింది, వేలు జరుపుతూ పోతే కింద ఏముందో చెప్తుంది, కావాల్సింది వినగానే రెండుసార్లు తడితే చాలు. టచ్ స్క్రీన్ మేమూ శుభ్రంగా వాడగలం, అది మాట్లాడితే.

ఇక యాప్‌లు. లోపల పేరు రాయని బటన్ ఉంటే స్క్రీన్ రీడర్ "బటన్, బటన్, బటన్" అనే చదువుతుంది, అందులో డబ్బు పంపేది ఏదో, క్యాన్సిల్ చేసేది ఏదో మాకెలా తెలుస్తుంది? డెవలపర్ ఒక్క లైన్ రాస్తే అయిపోయే పని. ఓటీపీ వచ్చిందని మెసేజ్ తెరిచి, విని, మళ్లీ యాప్‌లోకి వచ్చేలోపు టైమ్ అయిపోయిందని బయటకి తోసేస్తుంది. వెబ్‌సైట్లకి ఉన్న అంతర్జాతీయ గైడ్‌లైన్స్‌లో టైమ్ అయిపోయే ముందు చెప్పి, పెంచుకోవడానికి కనీసం 20 సెకన్లు ఇవ్వాలని రాసే ఉంది, చదివేవాళ్లు ఏరి? అన్నిటికన్నా కష్టం ఆ ఫేస్ వెరిఫికేషన్. "ముఖం గుండ్రంలో పెట్టండి, కళ్లు ఆర్పండి" అని అక్షరాల్లో చూపిస్తుంది, గుండ్రం ఎక్కడుందో నాకు కనపడదు, కొంచెం ఎడమకి జరగండి అని గొంతుతో చెప్పదు. రెప్పలు సరిగా కదలని వాళ్ల పరిస్థితి ఇంకా ఘోరం, మనిషి ఎదురుగా ఉన్నా మనిషి కాదంటుంది. చివరికి పక్కింటి పిల్లాడినో చుట్టాన్నో బతిమాలి ఫోన్ చేతిలో పెడితే, మన బ్యాలెన్స్ ఎంతో, మెసేజ్‌లు ఎవరివో అన్నీ వాళ్ల కళ్ల ముందే.

2006 నాటి ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందంలో 9వ ఆర్టికల్ ఈ సేవలు అందరికీ అందుబాటులో ఉండాలంటుంది, 22వ ఆర్టికల్ మా ప్రైవసీ కాపాడాలంటుంది. యూరోపియన్ యూనియన్ దేశాల్లో 2025 జూన్ 28 నుంచి కొత్తగా పెట్టే పేమెంట్ మెషీన్లు, ఏటీఎంలు, బ్యాంకింగ్ సేవలకి ఇది చట్టమైంది. అక్కడ కుదిరింది మీకెందుకు కుదరదు?

నేను అడిగేది పెద్ద లిస్టేం కాదు. ఉబ్బెత్తు బటన్స్ గానీ, ఇయర్‌ఫోన్‌లో మాట్లాడే ఏర్పాటు గానీ లేని కార్డ్ మెషీన్‌కి ఇకమీదట అనుమతి ఇవ్వకండి. ప్రభుత్వ యాప్ ఏదైనా సరే విడుదలకి ముందు చూపు లేనివాళ్ల చేత, జీతం ఇచ్చి, టెస్ట్ చేయించండి, అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ కూడా, ఎందుకంటే నిన్నటిదాకా పనిచేసిన బటన్ అప్‌డేట్ తర్వాత మూగబోవడం మాకు మామూలైపోయింది. ఫేస్ వెరిఫికేషన్ కుదరని వాళ్లకి ఇంకో దారి పెట్టండి, అది కూడా ఆఫీసుల చుట్టూ తిరిగేది కాకుండా.

వీటి మీద మీరు ఆర్డర్ ఇస్తే, దాన్ని స్కాన్ చేసిన ఫోటోలా కాకుండా టైప్ చేసిన ఫైల్‌గానే వెబ్‌సైట్‌లో పెట్టమని మీ ఆఫీసు వాళ్లకి చెప్పండి. ఫోటో అయితే నా స్క్రీన్ రీడర్‌కి ఖాళీ పేజీయే, ఆ ఆర్డర్ నేనే చదువుకోవాలనుకుంటున్నా.

ఇట్లు,
చూపు లేని ఒక పౌరుడు